పంచె కట్టు మనది, రంగు నీ ఇష్టం

చిరంజీవి అబ్బికి,

పెండ్లికి పంచె కట్టుకుంటానని నువ్వు రాస్తే మీ జేజి మురిసిపోయింది. ఆకుపచ్చ పంచె, దానికి జేబు, నడుముకు వెల్‌క్రో పట్టీ అని చదివేసరికి ఇంట్లో నాలుగు నోళ్లు లేచినాయి. నా మాట అడిగినావు కాబట్టి చెబుతున్నా. రంగు నీ ఇష్టం. కట్టు దగ్గర మాత్రం పెద్దల మాట విను.

నీ గ్లాస్గో స్నేహితులు కిల్టులనే ఆ గళ్ల లంగాలతో ప్రొద్దుటూరుకు వస్తారన్నావు కదా, వాళ్ల సంగతే చూడు. స్కాట్లాండులో తిరుగుబాటు అణిచినాక 1746లో లండన్ ప్రభుత్వం హైలాండ్ దుస్తులను నిషేధించింది. ఆ చట్టం 1782 దాకా పోలేదు. 1822లో నాలుగో జార్జి రాజు కిల్టు తొడిగి ఎడింబరోలో కనిపించినాక ఆ గళ్ల బట్టకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఫలానా వంశానికి ఫలానా గళ్లు అనే పట్టింపు చాలావరకు ఆ కాలంలో గట్టిపడిందే. అయినా కుచ్చిళ్లు వెనకే ఉండాలి, అంచు మోకాలి దగ్గర ఆగాలి అనేవి వాళ్లు వదలరు. కోటూ మేజోళ్లూ ఎవరి ముచ్చట వాళ్లది.

మనకూ అంతే. పంచె మీద కాలరు చొక్కా ఒకప్పుడు కొత్తే. 2003లో వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా ఆ తెల్ల పంచె, తెల్ల చొక్కాతోనే నడిచినాడు. డాక్టరు చదివిన మనిషి, ప్యాంటు తెలియక కాదు. మన కడప జిల్లాలో ఆ కట్టును ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు.

ఇక కట్టు. పంచె నాలుగు గజాలు. నడిమి భాగం నడుముకు ఆనించి, రెండు కొసలూ ముందుకు తెచ్చి బొడ్డు కింద ముడి వేయి. ఒక కొసను కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి గోచి దోపు. రెండోదాన్ని కుచ్చిళ్లు పోసి ముందర దోపు, అంచు నిలువుగా దిగాలి. పైన మొలతాడు బిగించు. కొత్త బట్టలో గంజికి ముడి నిలవదు, ఒకసారి ఉతికించు. పెండ్లిపీటల మీద గంటల తరబడి కాళ్లు మడుచుకుని కూర్చోవాల. గోచి పోసిన పంచె కాలు కదిలినట్టల్లా కదులుతుంది. వెల్‌క్రో పట్టీ లేచి కూర్చునేటప్పుడు ఊడితే అందరి ముందర నీకే ఇబ్బంది.

మధుపర్కాలు మాత్రం తెల్లటి నూలువే, పసుపు అద్దినవే కట్టుకో. ఆ వేళ పక్కన కూర్చునే అమ్మాయికీ, వాళ్ల పెద్దలకూ ఆ బట్ట మీద ఆశ ఉంటుంది. అది నీ ఒక్కడి ముచ్చట కాదు. సాయంత్రం రిసెప్షనుకు నీ ఆకుపచ్చ పంచె కట్టు, జేబు కూడా కుట్టించుకో, నేను అడ్డం రాను.

తలకు రుమాలు చుట్టాలని మీ మామ పట్టుబడుతున్నాడు. నీకు ఇష్టం లేకుంటే వద్దు. మన ఇంట్లో ఈ తరంలో ఎవరూ చుట్టుకోవడం లేదు, నిన్నొక్కణ్ణే బలవంతం చేయడం అన్యాయం. మీ మామతో నేను మాట్లాడతా.

బట్ట మాత్రం మగ్గం మీద నేసిందే కొను. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో నేతగాళ్లకు సహకార సంఘం పెట్టి వాళ్ల కడుపు నింపినాడు, 1954లో పద్మశ్రీ అందుకున్నాడు. పెండ్లికొడుకు ఒంటి మీద మర నేత చూడాలని నాకు లేదు. మే నెల ఎండకు పట్టు కంటే నూలే సుఖం కూడా.

పెండ్లికి పది దినాలు ముందే రా. రోజూ ఒక పూట పంచె కట్టుకుని మెట్లెక్కు, దిగు, కింద కూర్చుని లే. కట్టడం నేను నేర్పిస్తా.

ఇట్లు,
మీ పెదనాయన