విని రాసుకున్న దొరసాని

వ్యక్తిత్వ వికాసం పేరుతో అమ్ముడుపోయే పుస్తకాల్లో ఎక్కువ భాగం మాట్లాడడం నేర్పేవే. ధైర్యంగా మాట్లాడడం ఎలా, పదిమందిని ఒప్పించడం ఎలా, ఇంటర్వ్యూలో నెగ్గడం ఎలా? సికింద్రాబాద్‌లో ఏ పుస్తకాల దుకాణానికి వెళ్లినా ఇవే వరుసలు. వినడం నేర్పే పుస్తకం కోసం నేను చాలాకాలం వెతికాను. చివరికి అది వ్యక్తిత్వ వికాసం అరలో కాక, మా చర్చి సంఘం పెద్దాయన ఒకరు భద్రంగా దాచుకున్న ఫొటోకాపీల కట్టలో దొరికింది. 1899లో అచ్చయిన పుస్తకం అది. పేరు 'వైల్ సోయింగ్ శాండల్స్'. చెప్పులు కుడుతూ కూర్చున్నవాళ్లు చెప్పుకున్న కథలు. రాసింది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ.

మాది బాప్టిస్టు కుటుంబం. మా తాత ఒంగోలు వైపు నుంచి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సికింద్రాబాద్‌లో బాప్టిస్టు సంఘం 1875 నాటిది. శతాబ్ది గుర్తుగానే సెంటినరీ బాప్టిస్టు చర్చికి ఆ పేరు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర పేరు వినిపిస్తూనే ఉండేది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించడం, కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేయడం, ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించడం, ఇవన్నీ మాకు కంఠతా వచ్చు. ఎమ్మా దొరసాని గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆమె 1859లో పుట్టింది. తండ్రి ఆగస్ట్ రౌషెన్‌బుష్ జర్మనీ నుంచి అమెరికా వెళ్లినవాడు, రోచెస్టర్ బాప్టిస్టు సెమినరీలో జర్మన్ విభాగం ఆచార్యుడు. తమ్ముడు వాల్టర్ తర్వాతి రోజుల్లో పేదవాడి కూలీ, ఇల్లు, ఆకలి కూడా సువార్తలో భాగమేనని వాదించి పేరుపొందాడు. మార్టిన్ లూథర్ కింగ్ తన ఆలోచన మీద ఆయన ముద్ర ఉందని చెప్పుకున్నాడు. అక్క మాత్రం 1882లో, ఇరవైల వయసులో, ఓడెక్కి తెలుగు దేశానికి వచ్చేసింది. ఆ రోజుల్లో మిషనరీగా వచ్చినవారు మొదట మున్షీ దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకోవాలి, పరీక్షలు రాయాలి. బోధించాలని వచ్చినవాళ్లు ముందు చాలాకాలం విద్యార్థులుగా గడపాలన్నమాట. ఇది గొప్ప నియమమని నాకు అనిపిస్తుంది. మన కంపెనీల్లో కొత్తగా మేనేజరైన ప్రతివాడికీ ఇలాంటి నియమం పెట్టాలి.

ఆ తర్వాత ఆమె స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసింది. స్త్రీల హక్కుల కోసం కలం పట్టిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె రాసిన పుస్తకం 1898లో వచ్చింది. జాన్ క్లౌ మొదటి భార్య హారియెట్ మరణించాక, 1894లో ఆయనను పెళ్లాడింది. అంత చదువున్న మనిషి, అంత పేరున్న మిషనరీ భార్య. ఊరికి వెళ్తే జనం చేతులు కట్టుకుని ఆమె చెప్పేది వినడానికి సిద్ధంగా నిలబడే రోజులు. అయినా ఆమె మాదిగపల్లెల పెద్దల కథలు వింది. తోలు వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో క్రైస్తవుడయ్యాడు. అంతకుముందు ఆయన ఏ గురువుల వెంట తిరిగాడో, వీరమ్మ అనే గురువమ్మ దగ్గర ఏ యోగం నేర్చుకున్నాడో ఆమె ఓపికగా రాసుకుంది. మాతంగి సంప్రదాయాన్ని రాసింది. మాదిగలు తమ పుట్టుక గురించి చెప్పుకునే కథల్ని రాసింది. 'వైల్ సోయింగ్ శాండల్స్' వచ్చిన పదేళ్ల తర్వాత, 1909లో, మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన థర్స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేసినప్పుడు మాదిగల గురించి ఆ పుస్తకం నుంచి కూడా తీసుకున్నాడు.

ఆమెలో లోపాలు లేవని నేను అనను. ఆ పుస్తకం ఉపశీర్షికలో మాదిగల్ని 'పరయా' తెగ అన్నారు. ఈరోజు చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. ఆమెది మిషనరీ చూపు, తన విశ్వాసమే దారి అన్న నమ్మకం ప్రతి అధ్యాయంలోనూ కనిపిస్తుంది. కానీ ఒకటి గమనించండి. తాను ఒప్పుకోని నమ్మకాన్ని కూడా ఆమె మధ్యలో తుంచెయ్యలేదు. పేరయ్య వదిలేసి వచ్చిన దారిని కూడా ఆయన జీవితంలో భాగంగా మర్యాదగా చెప్పనిచ్చింది. మనకు నచ్చని పార్టీవాడి మాట మనం అర నిమిషం వింటామా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

నా సంగతి నేను చెప్పుకుంటాను. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే నా నోట్లో జవాబు తయారైపోతుంది. బ్యాంకు కౌంటర్‌లో ఏళ్ల తరబడి కూర్చున్న అలవాటు అనుకుంటాను; ముసలాయన పాసుబుక్కు తీసేలోపే ఆయనకేం కావాలో ఊహించడం ఆ పనిలో నైపుణ్యం. ఇంట్లో అదే నైపుణ్యం శాపమైంది. "అమ్మా, నువ్వు వినట్లేదు" అని నా కూతురు అన్నప్పుడు, "విన్నాను, నువ్వు చెప్పిందంతా తిరిగి చెప్పమంటావా?" అని గడగడా అప్పజెప్పేదాన్ని. మాటలు అప్పజెప్పగలిగేదాన్నే, పిల్ల ఎందుకు చెప్పిందో మాత్రం చెప్పలేకపోయేదాన్ని. ఈ పోరాటం నాకు ఇంకా అయిపోలేదు. ఇది రాస్తున్న రోజుల్లోనూ ఫోన్‌లో మా చెల్లెలి మాటకు అడ్డం పడుతూనే ఉన్నాను.

దీనికి కారణం ఉందని చదివాక కొంత ఊరట కలిగింది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ నికల్స్ 1950ల్లోనే వినడం మీద పరిశోధనలు చేశాడు. మనిషి మాట్లాడే వేగం కంటే ఆలోచన వేగం చాలా ఎక్కువట. ఆ మిగిలిన సమయంలో మనసు ఊరు తిరిగి వస్తుంది. అందుకే విన్న వెంటనే అడిగినా మనకు గుర్తుండేది దాదాపు సగమేనని ఆయన తేల్చాడు. మిగిలిన సగం కోసమే నేను చెప్పే అలవాటు.

రోజూ ఒక మనిషి చెప్పింది రాయండి. అంతే. మీ డైరీ కాదు, మీ లక్ష్యాల పట్టిక కాదు. ఆ రోజు మీతో మాట్లాడిన ఎవరో ఒకరి మాట, వాళ్ల యాసలో, వాళ్ల వరుసలో. ఫోన్‌లో రికార్డు చేయొద్దు. రికార్డు చేస్తున్నామని తెలిస్తే మనసు వినడం మానేస్తుంది, ఎదుటివాళ్లు కూడా బిగుసుకుపోతారు. మాట్లాడేటప్పుడు మీరు అడగాల్సింది ఒక్కటే: "తర్వాతేమైంది?" సలహా ఇవ్వకండి. మీకూ అలాంటిదే జరిగిందని మొదలుపెట్టకండి, అది చాలా చెడ్డ అలవాటు, మనందరికీ ఉంది. రాత్రి కూర్చుని నోట్‌బుక్కులో కుడివైపు పేజీ మీద వాళ్ల మాటలు రాయండి. ఎడమవైపు ఖాళీగా వదలండి. మీ అభిప్రాయం ఏదైనా ఉంటే మర్నాడు పొద్దున ఎడమవైపు రాసుకోండి. రాత్రికి రాత్రి మనం తీర్పులు చెప్పేస్తాం. తెల్లారేసరికి వాటిలో చాలావరకు రాయబుద్ధే కాదు. నా ఎడమ పేజీల్లో చాలా వాటి మీద ఒక్క అక్షరం లేదు.

ఈ అలవాటు నాకు మా అత్తమ్మను కొత్తగా చూపించింది. ఆమెది జనగామ వైపు ఊరు. రజాకార్ల రోజుల్లో ఊరొదిలి పారిపోయిన కథ ఆమె ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది. ఇంట్లో అందరూ "మళ్లీ మొదలు" అని లేచిపోయేవారు. నేను నోట్‌బుక్కు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. "గదేం రాస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. "నువ్వు చెప్పేదే అత్తమ్మా" అన్నాను. రాసిన పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది, ఆమె ఒకే కథ చెప్పడం లేదు. ఒకసారి జొన్నచేలో దాక్కున్న సంగతి. ఇంకోసారి వాళ్లమ్మ వెంట తెచ్చుకోగలిగింది ఒక్క ఇత్తడి బిందె మాత్రమేనన్న సంగతి. చాలాసార్ల తర్వాత, ఆ రాత్రి తమను గాదె వెనక దాచింది పక్కింటి సాయబుగారి భార్య అన్న సంగతి. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లు చెప్పిందే చెబుతారని విసుక్కునేవారికి నేను గట్టిగా చెబుతున్నాను: లేచిపోయినవాడికి కొత్త సంగతి ఎలా వినబడుతుంది?

మోండా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర కూడా కూర్చుంటాను. ఎమ్మా పుస్తకం చదివినప్పటి నుంచి ఆ దారిన ఊరికే వెళ్లిపోలేకపోతున్నాను. చిన్నప్పుడు ఊళ్లో తండ్రి లందలో తంగేడు చెక్క వేసి తోళ్లు నానబెట్టిన వాసన ఆయనకు ఇంకా ముక్కులో ఉందట. ఇప్పుడు చేతికొచ్చేవి రెక్సిను, రబ్బరు. ఆరె చూపించి, "పిడి మా తాతది అమ్మా, మొన ఎన్నిసార్లు మార్చిన్నో" అన్నాడు. ఆ పని చేసే చేతుల మీద ఈ ఊరు ఎంత నడిచిందో! ఆ చేతులవాళ్లను గుడి బయట, బావి బయట నిలబెట్టింది కూడా ఈ సమాజమే. వినడమంటే అవతలివారి కాలక్షేపం కథలు వినడం మాత్రమే కాదు, మనకు ఇబ్బంది కలిగించే మాట వచ్చినప్పుడు కూడా లేవకుండా కూర్చోవడం.

ఎవరూ రాసుకోకపోతే ఏమవుతుందో మా తెలుగు బాప్టిస్టు చరిత్రే చెబుతుంది. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసింది ఐదుగురు: మిషనరీ జ్యూయెట్ దంపతులు, నర్సు అనే ఆయన, జూలియా, రూతు. ఆ కొండకు ప్రార్థన కొండ అని పేరొచ్చింది. జూలియా, రూతుల పేర్లు మిగిలాయి, వాళ్ల గొంతులు మనకు పెద్దగా వినిపించవు. 1903లో తెలుగు బాప్టిస్టులే సొంతంగా దక్షిణాఫ్రికాకు ఒక మిషనరీని పంపారు, నెల్లూరు నుంచి జాన్ రంగయ్య. నాటాల్‌లో చెరకు తోటల్లో, కియర్స్నీ తేయాకు తోటలో కూలికి వెళ్లిన మనవాళ్ల కోసం. ఆ ఏడాది చివరికల్లా కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘం నిలబడింది. ఆయనతో సముద్రం దాటిన భార్య కనకమ్మ పేరు మీలో ఎంతమంది విన్నారు? అమెరికా నుంచి వచ్చిన దొరసానులను తలుచుకునే మనం, మన ఊరి నుంచి పరాయి దేశానికి వెళ్లిన తెలుగు స్త్రీ పక్కన ఒక కాగితం పట్టుకుని కూర్చోలేదు. నాకు దీని మీద కోపమే ఉంది.

ఎమ్మా చివరి పెద్ద పని కూడా విని రాయడమే. జాన్ క్లౌ 1910లో చనిపోయాడు. ఆయన జీవితకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' 1914లో వెలువడింది. కథ ఆయనది, ఆయన గొంతుతోనే సాగుతుంది. ఆయన కోసం భార్య రాసిపెట్టిందని మొదటి పేజీలోనే ఉంటుంది. డాక్టరేటు ఉన్న స్త్రీ, తన పేరుతో రెండు పుస్తకాలు వేసిన స్త్రీ, ఇంకొకరి గొంతుకు తన కలం ఇచ్చింది. తనను తాను తగ్గించుకోవడం అంటారు కొందరు. నాకది బలంగా కనిపిస్తుంది. ఇతరుల కథ మోయడానికి లోపల చాలా చోటుండాలి.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు చెప్పే మిగతా అలవాట్లన్నీ మంచివే. పొద్దున్నే లేవండి, నడవండి, ఖర్చుల లెక్క రాయండి, ఏడాదికి ఒక కొత్త విద్య నేర్చుకోండి, రాత్రి తిండి తగ్గించండి, అప్పు చేసి బండి కొనకండి. వీటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, విని రాసుకోమనేవాళ్లే తక్కువ.

సమయం లేదని నాకు చెప్పొద్దు. రీల్స్‌కు దొరికే సమయంలో పావు వంతు చాలు. మొదట్లో రాసింది చప్పగా ఉంటుంది, రెండు వాక్యాల తర్వాత ఏమీ గుర్తురాదు. కంగారు పడకండి, నాకూ అలాగే ఉండేది. గుర్తొచ్చిన రెండు వాక్యాలే రాసి పడుకోండి. కొన్నాళ్లకు వింటున్నప్పుడే చెవి మారుతుంది, రాత్రి రాయాలన్న ధ్యాస మిమ్మల్ని మాటల మధ్య నిలబెడుతుంది.

మీ ఇంట్లో డెబ్భై దాటినవాళ్లు ఉంటే ఈ ఆదివారం మధ్యాహ్నం ఫోను వేరే గదిలో పెట్టి వాళ్ల పక్కన కూర్చోండి. చిన్నప్పుడు వాళ్లున్న ఇంటికి గుమ్మం ఎటువైపు ఉండేదో అడగండి. వాళ్లు చెప్పింది అదే రాత్రి రాసిపెట్టండి, కింద తేదీ వేయండి, వాళ్ల పూర్తి పేరు కూడా రాయండి.