బెజ్జాల బల్ల ముచ్చట

చెల్లీ, కోకాపేట ఫ్లాట్ బాల్కనీలో చెక్కపని మొదలుపెట్టావని తెలిసి ఎంత సంతోషమేసిందో! అందుకే ఈసారి ముచ్చట నీతోనే.

మామూలు ఫొటో ఫ్రేమే తీసుకో. నాలుగు పట్టీలు, ఎనిమిది కొసలు, ఒక్కోటీ 45 డిగ్రీలకు కోయాలి. ప్రతి కోతా అర డిగ్రీ ఒకే వైపు తప్పిందనుకో, మూడు మూలలు అతికేసరికి నాలుగో మూలలో 4 డిగ్రీల సందు తేలుతుంది. చాలామంది ఆడపిల్లలు అక్కడే "నా చేతికి ఈ పని రాదులే" అని రంపం పక్కన పెట్టేస్తారు. నాకు బాధ కలిగేది అందుకే. లోపం చేతిది కాదు తల్లీ, చెక్కకు కదలని ఆనుడు లేకపోవడానిది.

ఆ ఆనుడు ఇచ్చేదే బెజ్జాల బల్ల. 18 మిల్లీమీటర్ల పలక, దాన్నిండా 20 మి.మీ. బెజ్జాలు, ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమికి 96 మి.మీ. జర్మనీ కంపెనీ ఫెస్టూల్ తన ఎంఎఫ్‌టీ బల్ల బెజ్జాలకు వాడిన కొలత ఇది. 96 అంటే మూడు 32లు. నీ మాడ్యులర్ కిచెన్ అల్మారా పక్కచెక్కల్లో అరలు సర్దుకోవడానికి ఉండే చిల్లుల ఎడమూ 32 మి.మీ.నే, కావాలంటే టేపు పెట్టి చూడు. బల్ల చూడ్డానికి ముగ్గుకు పెట్టిన చుక్కల్లా ఉంటుంది. గీత ఎటు పోవాలో ఆ చుక్కలే చెబుతాయి.

ఒక వరసలో రెండు బెంచ్ డాగ్స్, అంటే బెజ్జంలో బిగువుగా దిగే గుండ్రటి లోహపు ముక్కలు, దించి ట్రాక్ సా రంపం జారే పట్టాను వాటికి ఆనించు. ఇంకో రెండింటిని ఐమూలగా దించు, పక్కకు ఎన్ని బెజ్జాలు జరిగితే పైకీ అన్నే. చెక్కను వీటికి ఆనిస్తే కోత 45కే పడుతుంది. పెన్సిల్ గీతతో పనిలేదు. పట్టా ఊగకుండా అవతలి కొస కింద అదే మందం ముక్క పెట్టు. బ్లేడు చెక్క దాటి రెండు మూడు మి.మీ. దిగితే చాలు, బల్ల మీద పడే ఆ చిన్న గాటు గురించి బెంగపడకు.

డాగ్స్‌ను మాత్రం వీలైనంత దూరంగా పెట్టు. బెజ్జంలో ఉండే వెంట్రుకవాసి వదులు పక్కపక్క బెజ్జాల్లో ఎంత కోణం తప్పిస్తుందో, ఐదు ఎడాల దూరంలో అందులో ఐదో వంతే తప్పిస్తుంది. ఇంత సులువైన మెళకువ ఇంకోటి లేదు.

మరి 22.5 డిగ్రీలు? ఎనిమిది పలకల అద్దం ఫ్రేముకు కావలసింది అదే. చదరపు వరసల బెజ్జాల్లో అది అచ్చంగా ఎప్పటికీ దొరకదు, 30 డిగ్రీలూ అంతే. పక్కకు 12, పైకి 5 జరిగితే 22.62 వస్తుంది. దగ్గరే కానీ 16 కోతలకు కలిపి దాదాపు రెండు డిగ్రీలు పోగుపడుతుంది. అలాంటి కోణాలకు ఒక ముక్కను కచ్చితంగా కోయించి పెట్టుకుని, డాగ్స్‌కు ఆనించి వాడుకోవడమే మేలు. ఈ 5, 12 జంట బౌధాయన శుల్బసూత్రాల్లో ఉంది తెలుసా? యజ్ఞవేదికలకు తాళ్లతో మూలలు తీసిన వాళ్ల లెక్క అది. అక్కడే ఉన్న 3, 4 జంట నీ బల్లను పరీక్షిస్తుంది: ఒక పక్క మూడు ఎడాలు 288, రెండో పక్క నాలుగు 384, ఐమూల సరిగ్గా 480 రావాలి. ఇంత తేలిగ్గా తన తప్పొప్పులు చెప్పే పనిముట్టంటే నాకు గౌరవం.

ఇక బల్లకు చోటు సంగతి. 2023 ఆగస్టు వేలంలో మీ కోకాపేట నియోపోలిస్ లేఅవుట్‌లో ఎకరం 100.75 కోట్లు పలికింది. అంత ఖరీదైన చోట బల్లకంటూ గది ఎక్కడిది? మడిచే కాళ్ల మీద పలక పరిచి, పనయ్యాక గోడకు చేరవేయి. వాన జల్లు పడే బాల్కనీలో మామూలు ఎండీఎఫ్ ఉబ్బి బెజ్జాలు పాడవుతాయి, తేమను తట్టుకునే హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పలక అడుగు. కోతలో లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఎన్95 మాస్కు లేకుండా రంపం ముట్టవద్దు. పెద్ద యంత్రాల మీద చేయి తిప్పుకోవాలనిపిస్తే రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ మీకు దూరమేం కాదు.

బెజ్జాలు చేత్తో వేయకు. పూజగది తలుపులకు జాలీ కోసే సీఎన్‌సీ షాపులో వేయించు. వెళ్లేటప్పుడు డాగ్ ఒకటి చేతిలో పట్టుకెళ్లు. ముందు వ్యర్థపు ముక్కలో ఒక్క బెజ్జం వేయించి, అందులో అది ఊగకుండా దిగాకే మిగతావి వేయమను.