జావా వెబ్ అప్లికేషన్లలో వెర్షన్ల పొంతన

జావాలో వెబ్ అప్లికేషన్ నిర్మింపదలచిన విద్యార్థి జావా, ఫ్రేమ్‌వర్క్, సర్వర్ అను మూడింటిని ఎన్నుకొనవలసి యుండును. ఇవి వేర్వేరు సంస్థల ఆధ్వర్యమున వేర్వేరు కాలములందు మారుచుండును. కావున మూడింటిలోను సరిక్రొత్త వెర్షన్లు తెచ్చుకొన్నంత మాత్రమున పని జరుగదు. వాని నడుమ పొంతన కుదురవలెను. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌ను, టామ్‌క్యాట్ సర్వర్‌ను ఉదాహరణగా గైకొందము.

సర్వర్‌ను, అప్లికేషన్‌ను కలుపునది సర్వ్‌లెట్ అను ప్రమాణము. అందలి క్లాసుల పూర్తి పేర్లు పూర్వము 'జావాఎక్స్' అను పదముతో ప్రారంభమగుచుండెను. 2017లో ఒరాకిల్ సంస్థ ఈ ప్రమాణముల బాధ్యతను ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగింప నిశ్చయించెను. కాని ఆ పేరుతోనే క్రొత్త మార్పులు చేయుటకు ఒప్పందము కుదరలేదు. అందువలన 2020లో వెలువడిన జకార్తా ఈఈ 9లో ఆ పదము 'జకార్తా'గా మారినది. మారినది పేరే యైనను, కంప్యూటరుకు పేరు వేరైనచో క్లాసే వేరు.

ఈ మార్పునకు ఈవల స్ప్రింగ్ 5, టామ్‌క్యాట్ 9 ఉన్నవి. ఆవల స్ప్రింగ్ 6, టామ్‌క్యాట్ 10.1 ఉన్నవి. జావా క్లాసు ద్వారానే ప్రారంభమగునట్లు స్ప్రింగ్ 5తో వ్రాసిన అప్లికేషన్‌ను టామ్‌క్యాట్ 10లో ఉంచినచో, సర్వర్ దోషమేదియు చూపక దానిని స్వీకరించును. కాని స్ప్రింగ్ ప్రారంభము కాదు. స్ప్రింగ్ చూపవలసిన ప్రతి పుటకును 404 అను జవాబే వచ్చును. విద్యార్థి తన ప్రోగ్రాములో లేని తప్పును దినములకొలది వెదకుచుండును. పరీక్షకు ప్రాజెక్టు సమర్పింపవలసిన వారికిది చిన్న నష్టము కాదు.

జావా విషయమునను జాగ్రత్త అవసరము. టామ్‌క్యాట్ 10.1కు జావా 11 చాలును. స్ప్రింగ్ 6కు కనీసము జావా 17 కావలెను. జావా 17 కొరకు కంపైల్ చేసిన క్లాసు ఫైలు సంఖ్య 61. జావా 11 చదువగలిగినది 55 వరకే. కావున సర్వర్ నడచుచున్నదని తృప్తిపడరాదు.

పాటింపవలసిన క్రమమిది:

1. మొదట ఫ్రేమ్‌వర్క్‌ను నిర్ణయింపవలెను.
2. దానికి కావలసిన జావా, సర్వ్‌లెట్ వెర్షన్లను దాని అధికారిక పత్రములలో చూడవలెను.
3. వానికి తగిన సర్వర్‌ను పిదప ఎన్నుకొనవలెను. ఉదాహరణకు, 2025లో వచ్చిన స్ప్రింగ్ 7కు టామ్‌క్యాట్ 11 తగినది.
4. సర్వ్‌లెట్ లైబ్రరీని సర్వరే ఇచ్చును గనుక, దానిని వార్ ఫైలులో చేర్పరాదు.

పాత జత పొంతన కలదే యైనను శాశ్వతము కాదు. స్ప్రింగ్ 5.3కు ఉచిత సవరణలు 2024తో ముగిసినవి. భద్రతాలోపములు బయటపడినను ఉచితముగా దిద్దువారుండరు. కావున క్రొత్తగా ప్రారంభించువారు జకార్తా వైపుననే ప్రారంభించుట మేలు.