ధ్వని పలక: స్వహస్త నిర్మాణము, పరీక్ష

ధ్వని యనునది గాలియందలి కంపనము. మైక్రోఫోను ఆ కంపనమును విద్యుత్తునందలి హెచ్చుతగ్గులుగా మార్చును. డిజిటల్ పద్ధతిలో ఆ హెచ్చుతగ్గులను నియతకాలములందు కొలిచి, ఒక్కొక్క కొలతను ఒక సంఖ్యగా వ్రాసియుంతురు. టెలిఫోను సంభాషణకు సెకనుకు 8,000 కొలతలు చాలును. 1982లో విపణికి వచ్చిన కాంపాక్టు డిస్కునందు సెకనుకు 44,100 కొలతలు గలవు. ఈ సంఖ్యలను మరల ధ్వనిగా మార్చు చిన్న పలకను మనమే నిర్మింపవచ్చును. దాని నిర్మాణముకంటె పరీక్షయే మనకు ఎక్కువ నేర్పును.

పెద్దలనాటి తూనికరాళ్లను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. వీశెలో సగము అర్ధవీశె, అందు సగము పదలము, అందు సగము ఏబలము. ఈ కొలది రాళ్లతోనే అనేకములైన బరువులను తూచెడివారు. మన పలకయందును ఎనిమిది బిట్లు గలవు. ఒక్కొక్కటి ముందుదానిలో సగము విలువ గలది. ప్రతి బిట్టు ఉండుటయో లేకుండుటయో రెండే స్థితులు గనుక, ఎనిమిదింటితో 256 మెట్లు ఏర్పడును.

కావలసినవి 10 కిలో ఓముల నిరోధకములు 25. దుకాణమునందు వీనిని రెసిస్టర్లనియే అడుగవలెను. చిల్లుల పలకపై ఏడింటిని వరుసగా అతికినచో ఎనిమిది కూడళ్లు ఏర్పడును. ప్రతి కూడలినుండి రెండేసి నిరోధకములను ఒకదానివెంట నొకటి కలిపి ఒక కాలుగా దింపవలెను. చివరి కూడలికి మరి రెండింటిని అట్లే కలిపి గ్రౌండు తీగకు చేర్పవలెను. మొదటి కూడలియే ధ్వని వెలువడు చోటు. ఎనిమిది కాళ్లకును ఆర్డుయినో వంటి చిన్న నియంత్రణ పలక 0 గాని 5 వోల్టులు గాని అందించును.

అతుకుట పూర్తికాగానే విద్యుత్తు నీయరాదు. ముందు మల్టీమీటరుతో పరీక్షింపవలెను.

మొదటి పరీక్ష: కాళ్లను దేనికిని కలుపక, మొదటి కూడలికిని గ్రౌండుకును నడుమ కొలువవలెను. 90 కిలో ఓములు చూపవలెను. చూపకున్నచో వరుసలో ఎచ్చటనో అతుకు విడినదనియో, రెండు అతుకులు కలిసిపోయినవనియో ఎరుంగవలెను. అయితే కాళ్ల సంగతి ఈ పరీక్ష తెలుపదు.

రెండవ పరీక్ష: ఎనిమిది కాళ్లను గ్రౌండుకు కలిపి మరల కొలువవలెను. ఇప్పుడు 10 కిలో ఓములు రావలెను. మొదటి కాలు అతుకకున్నచో 20 వచ్చును. కాని కడపటి కాలు అతుకకున్నను ఈ కొలతలో భేదము దాదాపు కానరాదు.

మూడవ పరీక్ష: కాళ్లను గ్రౌండునుండి విడదీసి నియంత్రణ పలకకు కలిపి, ఒక్కొక్క బిట్టునే 5 వోల్టులకు ఎత్తి, తక్కినవానిని సున్నయందుంచి కొలువవలెను. వరుసగా 2.5, 1.25, 0.625 వోల్టులు, ఇట్లు సగము సగముగా తగ్గుచు, కడపటిది 19.5 మిల్లీవోల్టులు రావలెను. మొదటి రెండు పరీక్షలకు చిక్కని దోషము ఇచ్చట బయటపడును.

ఒక సూక్ష్మమును గమనింపుడు. పెద్ద బిట్టునందు నూటికి ఒక వంతు తేడా వచ్చినను అది 25 మిల్లీవోల్టులు. కడపటి బిట్టు మొత్తము విలువకంటె ఇది ఎక్కువ. కావున నిరోధకములను ముందుగా కొలిచి, ఒకదానితో నొకటి సరిపోవువానిని పెద్ద బిట్ల కాళ్లకు వాడవలెను.

పిమ్మట మొదటి కూడలికిని గ్రౌండుకును నడుమ 4.7 నానోఫారాడుల కెపాసిటరు నుంచినచో, ధ్వనిలోని మెట్ల గరగర తగ్గి, సుమారు 3,400 హెర్ట్జుల వరకు గల స్వరము నిలుచును. ఈ పలక స్పీకరును నేరుగా నడుపజాలదు. మరియొక కెపాసిటరు ద్వారా ఆంప్లిఫయరుకు కలుపవలెను.

ఆర్డుయినో ఊనోలో 32 కిలోబైట్ల స్థలమే కలదు. సెకనుకు 8,000 బైట్ల చొప్పున మూడు సెకన్ల మాట అందు ఇముడును. ఆ మూడు సెకన్లకు మీ అవ్వగారు మిమ్ము పిలుచు పిలుపును ఎన్నుకొనుడని మా సలహా. వీధిలో వేరొక భాష వినబడు మన ఊళ్లలో, ఇంటి తెలుగు వినబడుచోటులు కొన్నియే గదా.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. అతుకు కడ్డీ మిక్కిలి వేడిది. పెద్దల సమక్షమున, గాలి వచ్చు చోట పని జరుగవలెను. సీసము గల అతుకు లోహమును ముట్టిన చేతులను భోజనమునకు ముందు కడుగవలెను. తెలుగులో చదివిన పిల్లలకు విజ్ఞానశాస్త్రము అందునా యని మీలో కొందరు మమ్ము అడుగుచుందురు. పైన చెప్పిన మూడు పరీక్షలను మీ పిల్లలచేత చేయించి, ప్రతి కొలత ఎందులకు అట్లు వచ్చినదో తెలుగులోనే చెప్పుమనుడు. వారు చెప్పగలిగినచో మీ ప్రశ్నకు అదియే ప్రత్యుత్తరము.