ఐస్‌క్రీమ్ కేకు: తగువంతా నీటితోనే

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకి ఇంట్లోనే ఐస్‌క్రీమ్ కేకు చేశాను. పాలు, పంచదార, మామిడిపండు గుజ్జు కలిపి కేకు మీద పోసి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున చాకు దిగలేదు. బయట పెట్టిన పావుగంటకి పళ్లెం నిండా నీళ్లు. మెషీను లేకుండా ఇది కుదరదా? - ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కుదురుతుందండి. చాకు దిగకపోవడమూ, నీళ్లు కారడమూ మీకు రెండు తప్పుల్లా కనిపించాయి గానీ, రెండూ ఒక్కటే. పాలల్లో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. మీరు మామిడి గుజ్జు కలిపి ఇంకాస్త పోశారు. ఇంటి ఫ్రీజర్లో ఆ నీరు తీరిగ్గా, పెద్ద పెద్ద పలుకులుగా గడ్డకడుతుంది; అందుకే రాయి. కరిగాక మళ్లీ నీరే కదా. మెషీను గడ్డకట్టిస్తూనే చిలుకుతుంది కాబట్టి పలుకు పెరగదు, గాలి కూడా చేరుతుంది. చిలికే వీలు లేని మనం నీటినే తగ్గించాలి. లీటరు గేదె పాలు మూడో వంతయ్యేదాకా అడుగంటకుండా మరిగించి, నూరు గ్రాముల పంచదార వేసి పూర్తిగా చల్లార్చండి. తీపి చాలలేదని ఇంకా గుమ్మరించకండి, పంచదార మితిమీరితే అసలు గడ్డే కట్టదు.

అలా చేస్తే కుల్ఫీ అవుతుంది గానీ ఐస్‌క్రీమ్ ఎలా అవుతుందని మీరు అడగొచ్చు. నిజమే, అక్కడితో ఆపితే కుల్ఫీయే. అందుకే 200 మిల్లీలీటర్ల విప్పింగ్ క్రీమును గిలక్కొట్టి అందులో మెల్లగా కలపాలి; మెషీను ఇచ్చే గాలి కొంతైనా దాంతో వస్తుంది. 25 శాతం కొవ్వుండే మామూలు ఫ్రెష్ క్రీము ఎంత గిలక్కొట్టినా నిలబడదు, డబ్బా మీద చూసి కొనండి. మరి మామిడి రుచో? పచ్చి గుజ్జు బదులు ఆత్రేయపురం తాండ్ర సన్నగా తరిగి వేయండి. ఎండలో నీరంతా పోయిన సరుకది, ఫ్రీజర్లో రాయిలా బిగుసుకోదు. బజారు ఎసెన్సుకన్నా నా ఓటు దానికే. అడుగున కేకును వెన్నతో కాక నూనెతో చేయండి, చలికి వెన్న బిగుసుకుంటుంది.

కరెంటు పోతే ఇదంతా వృథా అనే మాటా ఉంది. కొంతవరకు నిజమే, కరిగి మళ్లీ గడ్డకడితే పలుకులు పెద్దవవుతాయి. దానికి కుల్ఫీ బండివాళ్ల ఉపాయమే మందు: మూడు పాళ్లు ఐసు ముక్కలకి ఒక పాలు కల్లుప్పు కలిపి మూతపెట్టిన టిన్ను చుట్టూ కూరండి. ఉప్పు కలిసిన ఐసు సున్నాకి చాలా కిందికి, మైనస్ ఇరవై దరిదాపులకి దిగగలదు. ఉప్పునీరు మాత్రం లోపలికి పోనివ్వకండి.

పూతరేకులు వేయాలనిపిస్తే ముందే పెట్టకండి, తడి తగిలితే మెత్తబడిపోతాయి. వేడినీళ్లలో ముంచి తుడిచిన చాకుతో ముక్కలు కోశాక, పైన నలిపి చల్లి వెంటనే అందరికీ పెట్టేయండి.