శిక్షకు కారణం, అభిశంసనకు ఆధారం

హత్యానేరానికి భారత శిక్షాస్మృతి రెండు శిక్షలనే నిర్ణయించింది: మరణదండన లేదా యావజ్జీవ కారాగారవాసం. 1898 నాటి నేరవిచారణ స్మృతి క్రింద ఉరిశిక్ష వేయని న్యాయమూర్తి అందుకు కారణం వ్రాయవలసి ఉండేది. 1955లో ఆ నిబంధనను తొలగించారు. 1973 స్మృతి దానిని పూర్తిగా తలక్రిందులు చేసింది: 354(3) సెక్షను ప్రకారం ఉరిశిక్ష వేసినప్పుడే ‘ప్రత్యేక కారణాలు’ చూపాలి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త సంహితలోనూ ఈ నియమం కొనసాగింది.

1973 స్మృతి ఇంకా అమలులోకి రాకముందే, 1974 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు దాని భావాన్ని గ్రహించింది. జంట హత్యలు చేసిన ఒక యువతి ఉరిశిక్షను జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు యావజ్జీవ శిక్షగా మార్చింది. ఆమె చిన్న వయస్సు, మామగారు కొట్టి వెళ్ళగొట్టిన బ్రతుకు, కన్నకొడుకు, రెండేళ్ళకు పైగా ఉరి నీడలో అనుభవించిన వేదన, ఇవన్నీ ఆ తీర్పులో లెక్కకు వచ్చాయి.

1980లో బచన్ సింగ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు మరణశిక్షను సమర్థించినా, దానిని అరుదైన వాటిలోకెల్లా అరుదైన సందర్భాలకే పరిమితం చేశారు. అవి ఏవో జాబితా వేయడానికి మాత్రం అంగీకరించలేదు. కొలబద్ద లేనిచోట ప్రాణం న్యాయమూర్తి స్వభావంపై ఆధారపడుతుందని జస్టిస్ పి.ఎన్. భగవతి విభేదించారు. ఆ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు.

తీర్పు చెప్పేవారినే తొలగించవలసి వచ్చినప్పుడూ ఇదే చిక్కు. 124(4) అధికరణం ‘రుజువైన దుష్ప్రవర్తన లేక అశక్తత’ అన్నదే కాని, దుష్ప్రవర్తనను నిర్వచించలేదు. (అభిశంసన అనే పదాన్ని రాజ్యాంగం రాష్ట్రపతి విషయంలోనే వాడింది; న్యాయమూర్తులకు అది వాడుకలో అంటుకొన్నది.) నిర్వచనానికి బదులు విధానాన్ని కఠినం చేశారు. నోటీసుపై 100 మంది లోక్‌సభ సభ్యులో, 50 మంది రాజ్యసభ సభ్యులో సంతకం చేయాలి. ముగ్గురి సంఘం విచారించాలి. ఉభయసభలలోనూ మొత్తం సభ్యులలో సగానికి మించి, హాజరై వోటు చేసినవారిలో మూడింట రెండు వంతులు అనుకూలించాలి.

1993 మేలో జస్టిస్ వి. రామస్వామిపై లోక్‌సభలో తీర్మానం వచ్చింది. విచారణ సంఘం పలు ఆరోపణలు రుజువైనవని అప్పటికే నివేదించింది. అనుకూలంగా 196 వోట్లు పడ్డాయి. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. 205 మంది వోటు వేయకుండా కూర్చున్నారు. తీర్మానం వీగిపోయింది. ఉరి వేసే న్యాయమూర్తి కారణం వ్రాయక తప్పదు; ఆ 205 మంది కారణం చెప్పవలసిన అవసరమే లేకపోయింది. 2011లో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సౌమిత్ర సేన్‌పై తీర్మానాన్ని రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభ దానిని చేపట్టకముందే ఆయన రాజీనామా చేశారు.