నలభై ఆరేళ్లకు టైప్ 1 షుగరా?

ప్రశ్న: డాక్టరుగారూ, మావారికి 46 ఏళ్లు, సన్నటి మనిషి. రెండేళ్లుగా షుగర్ బిళ్లలు వాడుతున్నా అదుపులోకి రాలేదు, బాగా చిక్కిపోయారు. ఇప్పుడు టైప్ 1 అని ఇన్సులిన్ రాశారు. అది పిల్లలకొచ్చేది కదండీ?
– ఒక సోదరి, రాజోలు

జవాబు: పిల్లలకే వస్తుందన్నది పాత మాటమ్మా, ఏ వయసులోనైనా రావచ్చు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి, ఇన్సులిన్ తయారుచేసే క్లోమంలోని కణాలను దెబ్బతీస్తుంది. పెద్దవాళ్లలో ఇది చాలాసార్లు నెమ్మదిగా సాగుతుంది, అందుకే మొదట టైప్ 2 అనుకుంటారు. గ్యాడ్ యాంటీబాడీ, సి-పెప్టైడ్ రక్తపరీక్షలు అసలు సంగతి తేల్చడానికి సాయపడతాయి. పూతరేకులు తినడం వల్లే వచ్చిందని ఎవరన్నా అంటే నమ్మకండి. ఆయన తప్పేం లేదు.

ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపనివ్వకండి. 1922లో ఇన్సులిన్ వాడకంలోకి రాకముందు ఈ జబ్బుకు మందే లేదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కరెంటు పోతే ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ పాడవుతుందని బెంగా? కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత పెట్టి, ఇన్సులిన్ సీసా అందులో ఉంచి మూతపెట్టి నీడన ఉంచండి. గడ్డకట్టే చోట వద్దు.

ఇన్సులిన్ వాడేటప్పుడు చెమటలు పట్టి, చేతులు వణికితే షుగర్ పడిపోతున్నట్టు. అప్పుడు కొబ్బరినీళ్లు చాలవమ్మా, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే పట్టండి. పావుగంటలో మళ్లీ చూడండి.